ఆ 2000 కేలరీల మనిషి ఎవరు?

బిస్కెట్ ప్యాకెట్ ముందు వైపు గోధుమ కంకులు, రాగి గింజలు, ఓ పచ్చని ఆకు, వాటి మధ్య పెద్ద అక్షరాల్లో ‘హై ఫైబర్’. వెనక్కి తిప్పితే భూతద్దం కావాల్సినంత చిన్న అక్షరాలు, ఒక పట్టిక, పట్టిక అడుగున చుక్క గుర్తు పెట్టి ఒక్క వాక్యం: శాతాలన్నీ రోజుకు 2000 కిలో కేలరీల లెక్కన ఇచ్చినవి. ముందు వైపు చూసి కొనేస్తాం. వెనక వైపు చూసేది ఎమ్మార్పీ కోసం, మహా అయితే ఎక్స్‌పైరీ డేట్ కోసం. కాస్త జాగ్రత్తపరులు షుగర్ ఎంతుందో వెతుకుతారు. 4.5 గ్రాములని కనపడగానే పర్లేదులే అనుకుంటారు.

ఆ అంకె అబద్ధం కాదు. కాకపోతే అది ఎన్ని బిస్కెట్లకు, రోజు మొత్తంలో ఎంతవరకు పర్లేదు, ఆ రోజు ఎవరిది అన్నది తెలిస్తే తప్ప దాంతో పనిలేదు. లేబుల్‌తో వచ్చే తిరకాసంతా ఇక్కడే. ముందు వైపు మాటలకు ఒక కొలత, వెనక పట్టికకు ఇంకో కొలత, శాతాలకు మూడో కొలత. మూడూ చట్టప్రకారం ఉన్నవే. మూడింటినీ ఒకే గాటన కట్టి చదివేసరికి మనం లెక్క తప్పుతాం.

రెండు వేలు ఎవరికి సరిపోతాయి?

మన దేశంలో ప్యాకెట్ ఆహారాలకు నిబంధనలు పెట్టేది ఎఫ్ఎస్ఎస్ఏఐ. 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం, ఒక సర్వింగ్ (ఒకసారి తినేదిగా కంపెనీ లెక్కగట్టిన పరిమాణం) తింటే రోజువారీ మోతాదులో ఎంత శాతం లోపలికి పోతుందో కంపెనీ చెప్పాలి. ఆ మోతాదు అందరికీ ఒకటే: 2000 కిలో కేలరీలు, మొత్తం కొవ్వు 67 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 22 గ్రాములు, ట్రాన్స్ ఫ్యాట్ 2 గ్రాములు, అదనంగా కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు. సోడియాన్ని ఉప్పులోకి మార్చాలంటే రెండున్నరతో హెచ్చించాలి. అంటే ఐదు గ్రాముల ఉప్పు, ఒక చిన్న చెంచాడు.

అసలు మనిషికి ఎంత కావాలో తేల్చే లెక్క వేరే చోట ఉంది. అది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు పెట్టిన చిన్న ల్యాబే దీనికి మూలం. 1958లో హైదరాబాద్‌కు మారింది. భారతీయులకు ఏ పోషకం ఎంత కావాలన్న ప్రమాణాలు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పేరుతో ఇక్కడి నుంచే వస్తాయి. 2020లో వచ్చిన లెక్కలో ‘ప్రామాణిక పురుషుడు’ 65 కిలోలు, ‘ప్రామాణిక స్త్రీ’ 55 కిలోలు. కూర్చుని పని చేసే మగవాడికి రోజుకు 2110 కిలో కేలరీలు చాలు. ఒళ్లు వంచి బరువు పని చేసేవాడికి 3470 కావాలి. ఆడవాళ్లలో కూర్చుని పని చేసేవారికి 1660, బరువు పని చేసేవారికి 2720.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీని, హైటెక్ సిటీలో పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే అమ్మాయిని పక్కపక్కన పెట్టండి. ఇద్దరి అవసరానికీ మధ్య తేడా రెట్టింపు కన్నా ఎక్కువ. ప్యాకెట్ మీద మాత్రం ఇద్దరికీ అదే 2000. అందులో ‘20 శాతం’ అని ఉన్న చిరుతిండి హమాలీకి 12 శాతం లోపే అవుతుంది. ఆ అమ్మాయికి 24 శాతం. ఆ రెండు వేల కేలరీల మనిషి లెక్క సౌలభ్యం కోసం పుట్టినవాడే తప్ప మన వీధిలో వెతికితే దొరకడు. అలాగని దీన్ని తప్పు పట్టను. కోట్ల మందికి ఒకే ప్యాకెట్ అమ్మేటప్పుడు ఏదో ఒక గుండు అంకె పెట్టుకోక తప్పదు. మన అంకె ఎక్కడుందో మనకు తెలిస్తే చాలు.

కేలరీల్లో ఇంకో చిన్న సందేహం చాలామందికి ఉంటుంది. డాక్టర్లు, జిమ్ ట్రైనర్లు ‘కేలరీ’ అంటారు, ప్యాకెట్ మీద ‘కిలో కేలరీ’ ఉంటుంది. మామూలు మాటల్లో రెండూ ఒకటే. ఆ అంకె ఎలా వస్తుందన్నది కూడా కష్టమైన విషయమేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ అనే శాస్త్రవేత్త తేల్చిన లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. గ్రాము ప్రొటీన్‌కు 4, గ్రాము పిండిపదార్థానికి 4, గ్రాము కొవ్వుకు 9. మన బిస్కెట్ ప్యాకెట్‌లో 100 గ్రాములకు పిండిపదార్థాలు 68, కొవ్వు 20, ప్రొటీన్ 7.5 గ్రాములు ఉన్నాయనుకుందాం. 272, 180, 30 కలిపితే 482. ప్యాకెట్ మీద 480కి అటూఇటూగా ఉంటే పట్టిక సరిగ్గానే ఉందన్నమాట. కొవ్వు బరువులో ఐదో వంతే, కేలరీల్లో మాత్రం మూడో వంతు దాటింది. నూనె ఏదైనా సరే, గానుగదైనా రిఫైన్డ్ అయినా, 100 గ్రాములకు 900 కిలో కేలరీల దగ్గరే ఉండేది కూడా ఇందుకే.

ఒకే వరుసలో రెండు రకాల శాతాలు

పట్టికలో ఆఖరి గడిలో శాతాలుంటాయి. ప్రొటీన్ 10 శాతం, చక్కెర 9 శాతం, సోడియం 12 శాతం, ఐరన్ 15 శాతం అని వరసగా. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ ఇక్కడ పెద్ద మెలిక ఉంది. ప్రొటీన్, ఐరన్, కాల్షియం, విటమిన్లు మనం రోజూ చేరుకోవాల్సిన లెక్కలు. వాటిలో వంద శాతం పూర్తయితే సంతోషమే. చక్కెర, సంతృప్త కొవ్వు, ట్రాన్స్ ఫ్యాట్, సోడియం అలా కాదు. అవి దాటకూడని గీతలు. ‘చక్కెర 36 శాతం’ అంటే రోజుకు కావాల్సిన చక్కెరలో 36 శాతం దొరికిందని కాదు. అదనపు చక్కెర ఒంటికి బొత్తిగా అవసరమే లేదు. సాయంత్రం టీతో వంద గ్రాముల ప్యాకెట్ ముగించేసరికి గీత దాకా ఉన్న దూరంలో 36 శాతం వచ్చేశామని దాని అర్థం. రెండు రకాలనూ ఒకే శీర్షిక కింద ఒకే వరుసలో పేర్చడం నా దృష్టిలో ఈ లేబుల్‌లో అన్నిటికన్నా పెద్ద లోపం.

ఆ 50 గ్రాముల గీత కూడా ఉదారంగా గీసిందే. 2000 కిలో కేలరీల్లో పది శాతానికి మించి విడి చక్కెరల (ఆహారంలో కలిపినవి, తేనె, పళ్ల రసాల్లోవి) నుంచి రాకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 50 గ్రాములు అక్కడి నుంచి వచ్చిందే. ఐదు శాతానికి, అంటే 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మంచిదని కూడా అదే సంస్థ చెప్పింది. ప్యాకెట్ మీద మాత్రం పెద్ద అంకే ఉంటుంది, శాతం చిన్నదిగా కనిపిస్తుంది.

ఇక సర్వింగ్. పైన చెప్పిన బిస్కెట్‌లో 100 గ్రాములకు 18 గ్రాముల చక్కెర కలిపారనుకోండి. సర్వింగ్ 25 గ్రాములని కంపెనీ రాసుకుంటే, అంటే మూడు బిస్కెట్లు, చక్కెర 4.5 గ్రాములకు దిగుతుంది. మొదట్లో ‘పర్లేదులే’ అనిపించిన అంకె అదే. మూడు బిస్కెట్లు తిని ప్యాకెట్‌కు రబ్బర్ బ్యాండ్ వేసి డబ్బాలో దాచేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. రెండు కంపెనీల సరుకును పోల్చాలంటే సర్వింగ్ గడిని వదిలేసి 100 గ్రాముల గడినే చూడాలి. ఒకడు సర్వింగ్ 20 గ్రాములంటాడు, ఇంకొకడు 30 అంటాడు. 100 గ్రాములు ఎక్కడైనా 100 గ్రాములే.

పచ్చళ్ల దగ్గర మాత్రం దీనికి ఎదురు లెక్క. ఆవకాయ సీసా మీద 100 గ్రాములకు 4800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే గుండె గుభేలుమంటుంది. అంటే 12 గ్రాముల ఉప్పు. కానీ 100 గ్రాముల ఆవకాయ ఎవరూ ఒక పూటలో తినరు. అన్నంలో కలుపుకునే 20 గ్రాముల్లో ఉప్పు 2.4 గ్రాములు. రోజు గీతలో ఇంచుమించు సగం. మధ్యాహ్నం ఆవకాయ, రాత్రి అప్పడం, మధ్యలో చారు అయితే గీత ఎప్పుడు దాటామో తెలియను కూడా తెలియదు. కాబట్టి పోల్చడానికి 100 గ్రాములు, తినడానికి మన పళ్లెంలోని మోతాదు. రెండు పనులకు రెండు లెక్కలు.

ఐరన్ 21 నుంచి 29కి ఎందుకు పెరిగింది?

ప్రమాణాలు మారినప్పుడల్లా ‘నిన్న ఒకటి చెప్పారు, ఇవాళ ఇంకోటి చెబుతున్నారు’ అని విసుక్కోవడం మామూలే. 2010 లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 21 మిల్లీగ్రాముల ఐరన్ కావాలన్నారు. 2020లో 29 అన్నారు. కాల్షియం 600 నుంచి 1000కి పెరిగింది. పదేళ్లలో మన ఒళ్లేమీ మారలేదు. మారింది లెక్క కట్టే పద్ధతి, దాని వెనకున్న ఆధారాలు.

ఇక్కడే పోషకాహార శాస్త్రంలో అందరూ పొరబడే చోటు ఉంది. ఒకే వయసున్న వెయ్యి మంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్లను తీసుకుంటే అందరికీ ఒకే మోతాదు ఐరన్ అవసరం ఉండదు. కొందరికి తక్కువ సరిపోతుంది, కొందరికి ఎక్కువ కావాలి. వాళ్లలో సగం మంది అవసరం తీరే మోతాదును ఈఏఆర్ అంటారు, సగటు అవసరం. 2020 లెక్క ప్రకారం ఆడవాళ్లకు అది 15 మిల్లీగ్రాములు. దానికి కొసరు కలుపుకుంటూ పోయి, నూటికి ఇంచుమించు 97 మందికి పైగా, అంటే దాదాపు అందరికీ సరిపడేలా పెట్టిన మోతాదు ఆర్డీఏ. అదే 29. మూడోది టీయూఎల్, దాటితే ప్రమాదమన్న పైగీత. ఐరన్‌కు అది 45 మిల్లీగ్రాములు.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, రోజుకు 20 మిల్లీగ్రాముల ఐరన్ తింటున్న ఆవిడకు లోపం ఉందని ఆర్డీఏ చూసి చెప్పలేం. ఆమె అవసరం 14 కావచ్చు, 18 కావచ్చు. ఆర్డీఏ అనేది ఒక మనిషి తన తిండిని ప్లాన్ చేసుకునేటప్పుడు నిశ్చింతగా ఉండడానికి పెట్టుకునే లక్ష్యం. ఒక ఊళ్లో ఎంతమందికి లోపం ఉందో అంచనా వేయాలంటే ఈఏఆర్ వాడాలి. ఆర్డీఏ పెట్టి కొలిస్తే ఊరు ఊరంతా లోపంతో ఉన్నట్టే తేలుతుంది. ‘ఇంతమందికి ఆ విటమిన్ చాలడం లేదు’ అని భయపెట్టే ప్రకటన కనపడితే, వాళ్లు దేంతో కొలిచారో ముందు చూడాలి. ఎందుకంటే ఆ భయం చివర ఏదో ఒక డబ్బా అమ్మకానికి ఉంటుంది.

కేలరీలకు మాత్రం ఇలా కొసరు కలపరు. ఐరన్ నాలుగు మిల్లీగ్రాములు ఎక్కువ తింటే ఒళ్లు సర్దుకుంటుంది. కేలరీలు రోజూ రెండు వందలు ఎక్కువ తింటే నడుము దగ్గర పేరుకుంటాయి. అందుకే శక్తికి సగటు అవసరమే ప్రమాణం.

రేషన్ బియ్యానికి ఈ లెక్కను అన్వయించి చూద్దాం. ఫోర్టిఫైడ్ బియ్యం మొదట వచ్చినప్పుడు చాలా ఊళ్లలో ‘ప్లాస్టిక్ బియ్యం కలిపారు’ అని గగ్గోలు పుట్టింది. రంగులో, మెరుపులో తేడాగా ఉన్న గింజలను జనం ఏరి పారేశారు కూడా. నిజానికి అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్లీ గింజల్లా ఒత్తినవి. వంద గింజలకు ఒకటి చొప్పున, అంటే కిలోకు పది గ్రాములు కలుపుతారు. కలిపాక కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలన్నది నిబంధన. ఒక మనిషి రోజుకు 200 గ్రాముల బియ్యం వండుకుంటే అదనంగా దక్కేది 5.6 నుంచి 8.5 మిల్లీగ్రాములు. ఈఏఆర్ 15తో చూస్తే ఇది చిన్న సాయమేమీ కాదు. 29తో చూస్తే సరిపోదనిపిస్తుంది. ఒకే బియ్యం, కొలిచే గీతను బట్టి రెండు అభిప్రాయాలు. ఫోర్టిఫికేషన్ మీద నిపుణులు పోట్లాడుకునే చోట్లలో ఇదొకటి. ఆ గింజల్ని ఏరి పారేసేవాళ్లకు మాత్రం ఈ పోట్లాటతో పనిలేదు, ఐరన్ చెత్తబుట్టలోకి పోతుంది.

ముందు వైపు మాటలు

ఇప్పుడు అట్ట ముందు వైపుకు వద్దాం. ‘లో ఫ్యాట్’, ‘షుగర్ ఫ్రీ’, ‘హై ప్రొటీన్’ లాంటి మాటలు ఇష్టమొచ్చినట్టు వాడడానికి వీల్లేదు. 2018 నాటి ప్రకటనల నిబంధనల్లో ఒక్కో మాటకూ హద్దు ఉంది. 100 గ్రాములకు 3 గ్రాములు మించని కొవ్వు ఉంటేనే ‘లో ఫ్యాట్’. అర గ్రాము మించని చక్కెర ఉంటేనే ‘షుగర్ ఫ్రీ’. 120 మిల్లీగ్రాములు మించని సోడియం ఉంటేనే ‘లో సోడియం’. ‘లైట్’, ‘రెడ్యూస్డ్’ అని రాస్తే దేనితో పోలుస్తున్నారో చెప్పాలి, దానికన్నా కనీసం 25 శాతం తక్కువ ఉండాలి. చిప్స్‌లో 35 గ్రాముల కొవ్వు ఉంటే 26కు తగ్గించి ‘లైట్’ అనొచ్చన్నమాట. 26 గ్రాముల కొవ్వున్న తిండి లైటా అని అడిగే హక్కు మనకుంది, చట్టానికి లేదు.

‘హై ఫైబర్’ కావాలంటే 100 గ్రాములకు 6 గ్రాముల పీచు ఉండాలి. మూడు బిస్కెట్లలో దక్కేది గ్రామున్నర. మామూలు గోధుమ పిండిలో 100 గ్రాములకు సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది. ముప్పై గ్రాముల పిండితో చేసిన ఒక్క పుల్కా తింటే ఆ మూడు బిస్కెట్లకు రెట్టింపు దొరుకుతుంది, పైసా చక్కెర లేకుండా. ‘హై ప్రొటీన్’ మాట కూడా అంతే. ఘనాహారంలో 100 గ్రాములకు ఆర్డీఏలో ఐదో వంతు ప్రొటీన్ ఉంటే చాలు. 65 కిలోల మగవాడి ఆర్డీఏ 54 గ్రాములు. అందులో ఐదో వంతు 11 గ్రాముల లోపే. ఇంట్లో ఉన్న గోధుమ పిండి ఆ గడప దాకా వచ్చేస్తుంది. కందిపప్పులో 22 గ్రాములకు దగ్గరగా, వేరుశనగ గింజల్లో 24 గ్రాముల దాకా ఉంటుంది. పప్పు డబ్బా మీద ఎవరూ ‘హై ప్రొటీన్’ అని రాయరు కాబట్టి మనకు తట్టదు.

ప్రొటీన్ విషయంలో గ్రాములతోనే పని అయిపోదు. కిలో బరువుకు 0.83 గ్రాములన్న ఆర్డీఏ మేలు రకం ప్రొటీన్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. బియ్యం, గోధుమల ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది పుష్కలం. పప్పన్నం, పెరుగన్నం మన అలవాటులో ఊరికే రాలేదనిపిస్తుంది. అలాగని పళ్లెం నిండా అన్నం పెట్టుకుని నీళ్ల పప్పు రెండు గరిటెలు పోసుకుంటే లెక్క కుదరదు.

‘మల్టీగ్రెయిన్’, ‘రాగి’, ‘మిల్లెట్’ అన్న మాటలకు మందు వెనకే ఉంది. పదార్థాల జాబితాను ఎక్కువ బరువున్న దాంతో మొదలుపెట్టి తక్కువ దాకా వరసగా రాయాలి. ముందు వైపు ఏ పదార్థాన్ని గొప్పగా చూపిస్తే అది ఎంత శాతమో కూడా రాయాలి. కాబట్టి ముందు రాగి బొమ్మ ఉన్న ప్యాకెట్ వెనక మొదటి పేరు మైదా, రాగి పిండి ఎక్కడో ఆరో పేరు అయితే సంగతి అర్థమైపోతుంది. చక్కెరను కూడా ఇలాగే వెతకాలి. చక్కెర, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, తేనె అని నాలుగు పేర్లుగా విడగొడితే ఒక్కోటి జాబితాలో కిందికి జారిపోతుంది. పిండి నుంచి తయారు చేసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి మరీ గడుసుది. లెక్క ప్రకారం అది చక్కెరల గడిలోకి రాదు, పిండిపదార్థాల్లో కలిసిపోతుంది. రక్తంలో గ్లూకోజ్ పెంచడంలో మాత్రం చక్కెరకు ఏమీ తీసిపోదు.

చిరుధాన్యాల మీద ఇప్పుడున్న మోజు చూసి ఒక పాత సంగతి గుర్తుకొస్తుంది. దక్కన్‌లో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా, అంటే నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు, కనపడేది. అంతకుముందు దాన్ని మొక్కజొన్న తినేవాళ్ల జబ్బుగానే చూసేవారు. జొన్నలో అతిగా ఉన్న లూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చని 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ప్రతిపాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. ఇంకేమీ దొరక్క మూడు పూటలా అదొక్కటే తిన్న వాళ్ల కథ అది. అదే జొన్న ఇవాళ నగరాల్లో సూపర్ ఫుడ్ పేరుతో అమ్ముడవుతోంది.

తీపి దగ్గర మాటల గారడీ ఇంకా ఎక్కువ. షుగర్ ఫ్రీ పూతరేకుల్లో చక్కెర ఉండదు సరే, నెయ్యి ఉంటుంది, రేకు మొత్తం బియ్యపు పిండే. షుగర్ ఉన్నవాళ్లు నాలుగు లాగిస్తే గ్లూకోమీటర్ ఊరుకోదు. ‘తెల్ల చక్కెర వాడలేదు, బెల్లమే’ అని రాస్తే అది ‘నో యాడెడ్ షుగర్’ అయిపోదు. బెల్లంలో అత్యధిక భాగం సుక్రోజే. ఖనిజాలు కాసిని ఉంటాయి, వాటి కోసం తినాల్సినంత బెల్లం తింటే అసలుకే మోసం. మామిడి డ్రింకుల సంగతీ అంతే. చిత్తూరు వైపు తోతాపురి గుజ్జే వాటిలోకి వెళ్తుంది కానీ, ఫ్రూట్ డ్రింక్ అనిపించుకోవడానికి పది శాతం పండు ఉంటే చాలు. మిగతాది నీళ్లు, చక్కెర. గాఢంగా మరగబెట్టిన రసానికి నీళ్లు కలిపి ‘100 శాతం పళ్ల రసం’ అని అమ్మడాన్ని 2024 జూన్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆపమంది.

నూనె డబ్బా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట కూడా ఇందులోదే. కొలెస్ట్రాల్ జంతు సంబంధమైన ఆహారాల్లోదే. పల్లీ నూనెలో లేదు, పొద్దుతిరుగుడులో లేదు, పామాయిల్‌లోనూ లేదు. అయినా పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ పెంచేది ప్రధానంగా అదే. అందుకే ఈ మాట వాడాలంటే సంతృప్త కొవ్వు కూడా తక్కువే ఉండాలని నిబంధనల్లో షరతు పెట్టారు.

ఒక్క మాట కోసం జరిగిన పోరాటం

మాటల సంగతి ఎంతదాకా వెళ్తుందో తెలియాలంటే ఓఆర్ఎస్ కథ చూడాలి. విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లలకు ఇచ్చే ఓఆర్ఎస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత ఉంది. లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ఇందులో గ్లూకోజ్ రుచి కోసం కాదు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. గ్లూకోజ్ ఆ కొలతకు మించి చాలా ఎక్కువైతే కథ తిరగబడుతుంది. నీరు ఒంట్లోకి పోవడానికి బదులు పేగులోకి వస్తుంది, విరేచనాలు ముదురుతాయి.

మందుల షాపుల్లోనే పళ్ల రుచులతో, టెట్రా ప్యాక్‌ల్లో, పేరులో ‘ఓఆర్ఎస్’ ఇరికించుకున్న తీపి పానీయాలు అమ్మేవారు. వాటిలో చక్కెర అసలు ఓఆర్ఎస్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ వీటి మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ అంది. కొద్ది నెలలకే, జులైలో, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు’ అని ఒక ముక్క రాసి వాడుకోవచ్చని సడలించింది. జ్వరంతో, వాంతులతో సొమ్మసిల్లిన పిల్లాణ్ని భుజాన వేసుకుని షాపు ముందు నిలబడ్డ తల్లి ఆ ముక్క చదువుతుందని ఎవరనుకున్నారో! చివరికి 2025 అక్టోబర్‌లో ఆ సడలింపును రద్దు చేశారు. ఆ కొలతకు సరిపోని పానీయాలేవీ పేరులో ఎక్కడా ఆ మూడక్షరాలు పెట్టుకోకూడదు. ఆ ప్యాక్‌ల వెనక పట్టికల్లో చక్కెర ఎంతో ఉండనే ఉంది. అయినా మూడేళ్ల పాటు ముందు వైపు మాటే గెలిచింది.

అందుకే చాలా దేశాలు పట్టికను బాగు చేయడం మీద కన్నా అట్ట ముందు వైపు మీదే దృష్టి పెట్టాయి. చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు హద్దు దాటితే ప్యాకెట్ ముందు నల్లటి ఎనిమిది మూలల గుర్తు వేసి ‘ఇది ఎక్కువ’ అని రాయాలి. ఎన్ని ఎక్కువైతే అన్ని గుర్తులు. మన దగ్గర 2022లో వచ్చిన ముసాయిదా వేరే దారి పట్టింది. అర నక్షత్రం నుంచి ఐదు నక్షత్రాల దాకా రేటింగ్ ఇవ్వాలన్నది అందులోని ప్రతిపాదన. చక్కెర, ఉప్పు, కొవ్వులకు పాయింట్లు కోస్తారు, పళ్లు, గింజలు, పప్పులు, చిరుధాన్యాలు, పీచు, ప్రొటీన్‌లకు పాయింట్లు కలుపుతారు. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కల్లా ఆ కూడికలోనే. చక్కెర దండిగా ఉన్న బిస్కెట్‌కు కాస్త పీచు, కాస్త ప్రొటీన్ జోడిస్తే కోసిన పాయింట్లలో కొన్ని తిరిగొస్తాయి. చక్కెర మాత్రం అలాగే ఉంటుంది. నల్ల గుర్తుల పద్ధతిలో ఆ వెసులుబాటు లేదు. గీత దాటితే గుర్తు పడుతుంది, పక్కన బాదం పలుకులు ఎన్ని చల్లినా పోదు. ప్రజారోగ్యం మీద పనిచేసే డాక్టర్లు ఎక్కువగా నల్ల గుర్తులు అడుగుతున్నారు. తయారీదారులకు నక్షత్రాలే నచ్చాయి.